వంత లేని కథ

సూరత్‌లోని లింబాయత్‌లో ఆ గది పన్నెండడుగుల పొడవు కూడా ఉండదు. ఒక మూల గ్యాసు పొయ్యి, పైన మార్కండేయ స్వామి పటం, గోడ పక్కన నీలం రంగు డ్రమ్ము. కార్పొరేషన్ నీళ్లు వదిలే వేళకు పట్టిపెట్టుకున్న నీళ్లు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. వంగి చూశాను. దారపు తునకల్లాంటి సన్నటి పురుగులు నీటి పైపొరకు తోకలు ఆనించి తలకిందులుగా వేలాడుతున్నాయి. నా నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోయాయి.

“దీనికి మూత లేదా అక్కా?”

“మంచినీళ్లే గదా తమ్మీ, మూతెందుకు? మా ఇంట్ల చెత్త ఏడున్నదో చూపియ్. కాయితం ముక్క దొరుకుతదా? నువ్వు చెప్పినప్పటి సంది రోజుకు రెండుసార్లు ఊడుస్తున్న. బయట మోరీ గూడ నేనే కడుగుతున్న. మరి పోరనికి ఈ జరం ఎట్ల వచ్చింది?”

ఆమె కొడుకు అప్పటికి నాలుగు రోజులుగా డెంగీతో ఆసుపత్రిలో ఉన్నాడు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని డాక్టర్లు పొద్దున, సాయంత్రం నెత్తురు తీసి చూస్తున్నారు. పిల్లవాడికి బట్టలు తీసుకుపోదామని ఆమె ఇంటికి వస్తే నేనూ వెంట వచ్చాను. ఆమె మాటలో నిష్ఠూరం లేదు. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియక అడుగుతోంది, అంతే. నాలుగేళ్లుగా నా మాటలు వినడానికి ముందు వరుసలో కూర్చున్న మనిషి ఆమె. విన్నదంతా గుర్తు పెట్టుకుంది. చెప్పినట్టే చేసింది. డెంగీ తెచ్చే దోమకు చెత్తే ఉండాలని లేదనీ, మూత లేని తేటనీళ్లే దానికి పురిటి గది అనీ ఆమెకు తెలియకపోతే, ఆ తెలియకపోవడం నా దగ్గర నేర్చుకున్నదే.

మాది జనగామ పక్క పల్లె. సాలెవాళ్లం. చేతిమగ్గం మీద తిండి గడవక మా నాయన సూరత్ వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, చేరాడు. మా పల్లెలో ఉధ్నా, లింబాయత్, పర్వత్ పాటియా అనే పేర్లు పక్క ఊళ్ల పేర్లంత మామూలుగా వినబడేవి. ఈ నగరంలో తెలుగు మాధ్యమంలో చదువు చెప్పే కార్పొరేషన్ బడులున్నాయి. అలాంటి బడిలోనే అక్షరాలు దిద్దాను. తర్వాత సూక్ష్మజీవశాస్త్రం చదివి, ఇప్పుడు ఒక కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. నేర్చుకున్నది మనవాళ్లకు మన మాటల్లో చెప్పాలన్న కోరిక నాకు చదువుకునే రోజుల నుంచీ ఉంది. ఆ కోరికను ఇప్పటికీ తప్పు పట్టుకోను. దాన్ని నడిపించిన బుద్ధి గురించే ఈ రాత.

మొదట్లో నేను కథలు చెప్పలేదు. సంఘం హాల్లో తెర కట్టి, ప్రొజెక్టర్ పెట్టి, బ్యాక్టీరియా పేర్లు, వైరస్‌ల బొమ్మలు, పట్టికలు చూపించేవాణ్ణి. వచ్చేవాళ్లు పన్నెండు గంటల రాత్రి పాళీ దిగి, ముఖం కడుక్కుని నేరుగా వచ్చేవాళ్లు. ఏళ్ల తరబడి సాంచాల మోత విని సగం వినికిడి పోగొట్టుకున్నవాళ్లు. పది నిమిషాలకే తలలు వాలిపోయేవి. ఒక రోజు ప్రొజెక్టర్ చెడిపోయింది. ఏం చేయాలో తోచక, 1994లో మేం ఈ ఊరు విడిచి పారిపోయిన రాత్రి గురించి మొదలుపెట్టాను. ఒక్క తల వాలలేదు. వెనక ఉన్నవాళ్లు లేచొచ్చి ముందు కూర్చున్నారు. అయిపోయాక ఒక పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ, తను ఆ రోజు ఏ బోగీలో ఒంటికాలి మీద నిలబడి పోయాడో చెప్పాడు.

ఆ రోజు ఇంటికి నడిచిపోతుంటే నాకు దారి తెలియలేదు. పరిశోధనను జనం గుండెకు చేర్చే తాళంచెవి చేతికి దొరికిందనుకున్నాను. అప్పటి నుంచి పట్టికలన్నీ పక్కన పడేశాను.

నేను చెప్పిన కథ ఇలా సాగేది. 1994 వానాకాలం. తాపీ నది పొంగి పల్లపు బస్తీలు మునిగాయి. నీళ్లు తీశాక ఊరినిండా బురద, ఎవరూ ఎత్తని చెత్త. వినాయక నిమజ్జనం అయిన కొద్ది రోజులకే వేడ్ రోడ్ వైపు మనుషులు జ్వరంతో, నెత్తురు దగ్గుతూ ఆసుపత్రికి రావడం, వచ్చినవాళ్లు వచ్చినట్టే చనిపోవడం మొదలైంది. ప్లేగు అన్న మాట ఊరంతా పాకింది. నీళ్లలో విషం కలిసిందని ఒక పుకారు. శవాల లెక్క దాస్తున్నారని ఇంకొకటి. ప్రైవేటు డాక్టర్లే చాలామంది తలుపులు మూసి వెళ్లిపోయారు. నాలుగైదు రోజుల్లో లక్షల మంది ఊరు ఖాళీ చేశారు. మేం నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో మరుగుదొడ్డి తలుపు పక్కన నిలబడి వరంగల్ దాకా వచ్చాం. నాయన ముఖానికి కట్టుకున్న రుమాలు దారిపొడుగునా విప్పలేదు. ఊరు చేరితే సొంత మేనమామ మమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. వారం రోజులు పశువుల కొట్టంలో పడుకున్నాం. అమ్మమ్మ అన్నం గిన్నె దూరంగా పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చుకుంటూ వెళ్లిపోయేది.

ఇక్కడికి వచ్చేసరికి హాల్లో ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకునేవాళ్లు. అప్పుడు నేను గొంతు పెంచేవాణ్ణి. తర్వాత ఎస్.ఆర్. రావు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చాడు. అధికారులను చల్లటి గదుల్లోంచి వీధుల్లోకి దింపాడు. రాత్రిళ్లు రోడ్లు ఊడిపించాడు. చెత్త వేసినవాళ్లకు జరిమానాలు వేశాడు. ఆక్రమణలు ఎంతటివాళ్లవైనా కూలగొట్టించాడు. దేశంలోనే మురికి ఊరని పేరుపడ్డ సూరత్ కొద్దికాలానికే ఇంటాక్ సంస్థ లెక్కలో చండీగఢ్ తర్వాత రెండో శుభ్రమైన నగరమైంది. ఇలా చెప్పి, బల్ల కింద దాచి ఉంచిన చీపురు పైకెత్తి పట్టుకునేవాణ్ణి. “మనల్ని పశువుల కొట్టంలో పడుకోబెట్టిన జబ్బును తరిమింది ఇదే” అనేవాణ్ణి. హాలు దద్దరిల్లేది.

నీలం డ్రమ్ము చూసొచ్చిన రాత్రి ఆ కథను మొదటి నుంచి మళ్లీ నాకు నేనే చెప్పుకున్నాను. ఈసారి తేదీలతో. ప్లేగు సూరత్‌ను పట్టుకున్నది 1994 సెప్టెంబరులో. అక్టోబరు మొదటి వారాలకే కొత్త కేసులు దాదాపు ఆగిపోయాయి. ఎస్.ఆర్. రావు కమిషనర్‌గా వచ్చింది 1995 మేలో. నడుమ ఏడు నెలలు. చీపురు వీధిలోకి రాకముందే ప్లేగు వెళ్లిపోయింది. ఈ తేదీలు నాకు తెలియనివి కావు. తరగతి గదిలో విద్యార్థులకు చెప్పినవే. కానీ హాల్లో నిలబడితే ఆ ఏడు నెలలను “తర్వాత” అన్న ఒక్క మాటతో దాటించేశాను. వినేవాళ్ల మనసులో “తర్వాత” కాస్తా “అందువల్ల” అయి కూర్చుంది. కథలో రెండు సంగతులు పక్కపక్కన పెడితే, మొదటిది రెండోదాన్ని కన్నట్టే వినబడుతుంది. చెప్పేవాడు ఆ మాట అననక్కర్లేదు. నేనైతే అన్నాను కూడా.

ప్లేగు గురించి తెలిసిన సంగతి వేరు. ఆ బ్యాక్టీరియాను 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ గుర్తించాడు. అది ఎలుక మీది గోమారి ద్వారా మనిషికి వస్తుందని పాల్ లూయీ సీమాండ్ 1898లో కరాచీలో చూపించాడు. గోమారి కుట్టి వచ్చే ప్లేగులో గజ్జల్లో, చంకల్లో బిళ్లలు కడతాయి. 1994 ఆగస్టులో మహారాష్ట్ర బీడ్ జిల్లాలో కనిపించింది ఇదే. సూరత్‌లో చంపింది ఊపిరితిత్తులకు పట్టే రకం. అది దగ్గర నుంచి దగ్గేవాడి తుంపరలతో పాకుతుంది. దగ్గును చీపురు ఆపలేదు. ఆపినవి వేళకు పడ్డ యాంటీబయాటిక్ మందులు, రోగులను వేరుగా ఉంచడం, వాళ్లతో మెలిగినవాళ్లకు ముందుగానే మందు ఇవ్వడం. సర్కారు లెక్కలో దేశం మొత్తం మీద చనిపోయినవాళ్లు 60 లోపే. ఇలాంటి జబ్బుకు అది చిన్న సంఖ్య. ఆ చిన్న సంఖ్య వెనక మందుంది. మా నాయన చొక్కా జేబులో టెట్రాసైక్లిన్ గోళీల పట్టీ ఒకటి ఉండేది. ఎక్కడ సంపాదించాడో, ఎంత పెట్టి కొన్నాడో, బోగీలో మాకూ పక్కవాళ్లకూ తలా ఒకటి పంచాడు. నా కథలో ఆయన రుమాలుంది. గోళీల పట్టీ లేదు. గోళీ మింగడం చూసేవాళ్లకు ఏమంత గొప్పగా అనిపించదని వదిలేశాను.

చీపురును చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. ఎలుకలకు చెత్తే మేత. మురుగు తీయడం వల్ల, చెత్త ఎత్తడం వల్ల ఈ నగరం ఎన్నో జబ్బుల నుంచి తప్పించుకుంది. ఆ కమిషనర్ చేసిన పనికి నేను ఈ రోజుకూ దండం పెడతాను. నా మాటలో సగం నిజం ఉండబట్టే ఎవరికీ అనుమానం రాలేదు. రోగమంటే చెత్త, చెత్త లేకపోతే రోగం లేదు, ఇంతే వాళ్లతో ఇంటికి వెళ్లింది. అక్క తన గదిని అద్దంలా ఉంచుకుంది. డ్రమ్ములో దోమ గుడ్లు పెట్టింది.

ఇంకా వదిలేసినవి ఉన్నాయి. ఇవి తలుచుకుంటే ఎక్కువ బాధ. సూరత్‌లో వచ్చింది అసలు ప్లేగేనా అని అప్పట్లో శాస్త్రజ్ఞుల్లోనే తగవు నడిచింది. నిర్ధారించే పరీక్షలు ఆలస్యమయ్యాయనీ, వేరే జబ్బు అయి ఉండొచ్చనీ కొందరన్నారు. తేల్చడానికి వేసిన సాంకేతిక సంఘానికి పెద్ద ఎవరో తెలుసా? మన శ్రీకాకుళం వాడు, వులిమిరి రామలింగస్వామి. కాంగ్రా లోయ జనాన్ని పీడిస్తున్న గాయిటర్ మీద 1956లో పని మొదలుపెట్టిన శాస్త్రజ్ఞుల్లో ఆయన ఒకడు. లోయను మూడు ప్రాంతాలుగా విడదీసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు ఇచ్చి, ఏళ్ల తరబడి కనిపెట్టి చూశారు. అయోడిన్ ఉన్నచోట మెడల వాపులు తగ్గాయి. మూడో ప్రాంతం లేకపోతే, తగ్గింది ఉప్పు వల్లేనని ఎవరు నమ్మేవారు? అలాంటి అనుభవమున్న మనిషి సూరత్ ప్లేగు సాక్ష్యాలను ముందు పెట్టుకుని, తన బృందంతో తర్జనభర్జన చేసి, అది ప్లేగేనని తేల్చాడు. అంతటితోనూ ఆగలేదు. 2000లో హైదరాబాద్ సి.సి.ఎం.బి.లో శివాజీ బృందం 1994 నాటి బ్యాక్టీరియా డి.ఎన్.ఎ.ను చదివి అదే మాట చెప్పింది. శ్రీకాకుళంలో పుట్టినవాడు, హైదరాబాద్‌లోని ప్రయోగశాల. మా హాల్లో కూర్చున్న తెలుగువాళ్లకు ఇంతకంటే దగ్గరి సంగతి ఏముంటుంది? నేను ఒక్క ముక్క చెప్పలేదు. కమిటీకి ముఖం ఉండదు, తగవు చెబితే జనం గందరగోళపడతారు అనుకున్నాను. పరిశోధన అంటే ఆ తగవే. దాన్ని తీసేసి, ముగింపు ఒక్కటి పట్టుకుని దానికి కన్నీళ్లు కట్టి అమ్మాను.

పిల్లవాడికి ప్లేట్‌లెట్లు పెరగడం మొదలై గండం గడిచాక, సాంచాల మాస్టరు పెద్దయ్య దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లకు పైగా సాంచాలు బాగుచేసిన చేతులవి. నా మనసులోని భారమంతా చెప్పుకున్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పక్కనున్న గుడ్డ ముక్క తీసి నా ఒళ్లో పరిచాడు.

“దీని మీద అడ్డగీత పడ్డదనుకో. పేక దిక్కు చూడాలె. నిలువు గీత పడ్డదా, పడుగు దిక్కు చూడాలె, అచ్చు దిక్కు చూడాలె. కొత్త పోరడు ఏం జేస్తడు? గుడ్డ ఖరాబైందనంగనే సాంచా అంత తుడుస్తడు, నూనె పోస్తడు. తుడిచినంక నాలుగు మీటర్లు మంచిగ వచ్చిందనుకో, తను తుడిచినందుకే మంచిగైందని సంబరపడతడు. గీత మళ్ల పడతది. అప్పుడు మళ్ల తుడుస్తడు.”

“నా కథ కూడా అంతేనంటావా పెద్దయ్యా?”

“నేనైతే అప్పుడే అనుకున్న బిడ్డా. మేం ఆ ఏడు దీపావళికల్లా వాపసొచ్చినం. సాంచాలు నడిచినయ్. ప్లేగు లేదు. ఊరు మటుకు గట్లనే ఉండె, అదే బురద, అదే చెత్త. మరి చీపురుతోటి పోయిందంటడేంది ఈ పిల్లగాడు అనుకున్న.”

నాకు నోట మాట రాలేదు. కొంతసేపటికి, మరి ఎందుకు అడగలేదన్నాను.

“నువ్వు ఆగితే గదా అడిగేది.”

ఆ మాట తర్వాత ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో నాకే తెలుసు. మేం ప్రయోగశాలల్లో వెతికే సాక్ష్యం ఆయన కళ్లతో చూసి ఉన్నాడు. చెత్త ఉండగానే ప్లేగు పోయింది. నా వాదాన్ని కూల్చడానికి ఆ ఒక్క ముక్క చాలు. అది నాలుగేళ్లుగా నా ఎదురుగా మూడో వరుసలో చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. వీళ్లకు తెలియదు, నాకు తెలుసు, వీళ్లకు అర్థమయ్యేట్టు చెప్పాలి అనుకుంటూ నేను బల్ల వెనక నిలబడ్డాను. పాఠాలు చెప్పిన రోజుల్లోనూ అదే బల్ల, కథలు చెప్పిన రోజుల్లోనూ అదే బల్ల. పట్టికల బదులు కన్నీళ్లు వచ్చాయి, అంతే తేడా.

చిన్నప్పుడు మా పల్లెకు కూనపులివాళ్లు వచ్చేవాళ్లు. పద్మశాలీల కథ చెప్పడం వాళ్ల వృత్తి. చేర్యాల నకాషీలు ఎర్రటి రంగు మీద వేసిన పొడవాటి పటం చుట్ట విప్పుకుంటూ, ఒక్కో బొమ్మనూ కర్రతో చూపుతూ భావనారుషి కథ, మార్కండేయుడి కథ చెప్పేవాళ్లు. మా అమ్మమ్మ ఊరికే కూర్చునేది కాదు. “ఆగు, ఆ పులి ముందటి బొమ్మల ఈ దిక్కు ఉండె గదా, ఇప్పుడు ఆ దిక్కుకెట్ల వచ్చింది?” అనేది. చెప్పేవాడు విసుక్కునేవాడు కాదు. చుట్ట వెనక్కి తిప్పి మళ్లీ చూపేవాడు. బుర్రకథలోనైతే ఆ పనికి మనుషులనే పెట్టారు మనవాళ్లు. కథకుడికి అటొకడు ఇటొకడు వంతలు. గుమ్మెట వాయిస్తూ తాన అంటారు, మధ్యలో ఆపి ఎందుకు, ఎట్లా, ఎవరన్నారు అని నిలదీస్తారు. కథకుడు జవాబు చెప్పి గానీ ముందుకు పోడు. వంత అంటే ఆటవిడుపు అనుకునేవాణ్ణి. కథను నిలబెట్టేది వంతే. నాకు కథ చెప్పడం తెలియదని కాదు, మన కథ ఎట్లా చెబుతారో మరిచిపోయాను. గుక్క తిప్పుకోకుండా చెప్పి, చప్పట్లతో తలుపు మూసేశాను.

తర్వాతి ఆగస్టులో మళ్లీ హాలుకు పిలిచాను. ముందు జరిగినదంతా చెప్పి తప్పు ఒప్పుకున్నాను. కొందరు తల దించుకున్నారు, నా కోసం ఇబ్బందిపడుతున్నట్టు. అక్క ముందు వరుసలోనే ఉంది. పక్కన కొడుకు, ఇంకా సన్నగా. పెద్దయ్యను, అక్కను బల్లకు ఇటూ అటూ కుర్చీలేసి కూర్చోమన్నాను. ఎప్పుడు అనుమానం వస్తే అప్పుడు ఆపమన్నాను. మలేరియా మోసే దోమ కోసం వెతికిన రొనాల్డ్ రాస్ కథ మొదలుపెట్టాను.

రాస్ గురువు ప్యాట్రిక్ మాన్సన్ ఒక కథ అల్లి పెట్టాడు. మలేరియా రోగి నెత్తురు తాగిన దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు తాగినవాళ్లకు మలేరియా వస్తుంది. “బాగనే ఉన్నది గదా” అన్నాడు పెద్దయ్య. బాగానే ఉంది. అంత బాగుండబట్టే రాస్ దాన్ని పట్టుకుని మనుషులకు ఆ నీళ్లు తాగించి చూశాడు. తేలలేదు. 1895 నుంచి రెండేళ్లు దోమలు కోసి, సూక్ష్మదర్శినిలో చూసి చూసి కళ్లు చెడుపుకున్నాడు. ఏమీ కనిపించలేదు. “ఎందుకు గానరాలే?” అంది అక్క. జవాబు చెప్పకుండా హాలునే అడిగాను. సూక్ష్మదర్శిని మంచిది కాదేమో అన్నారొకరు. రోగి నెత్తురులో పురుగు లేదేమో అన్నారింకొకరు. వెనక నుంచి ఒక పిల్ల, తెలుగు బడిలో ఆరో తరగతి చదువుతోందట, “వేరే దోమేమో సార్” అంది.

వేరే దోమే. రాస్ అన్నాళ్లూ కోసినవి బూడిద రంగువి, ఒంటి మీద చారలున్నవి. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగికి కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి వాటిని కుట్టించాడు. ఆగస్టు 20న ఆ దోమ కడుపు గోడలో అదివరకు ఏ దోమలోనూ చూడని నల్లటి చుక్కలున్న కణాలు కనిపించాయి. ఆయన ఈ పని చేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. దోమల్లో కూడా ఏ దోమ అన్నదే అసలు ప్రశ్న అని తేలడానికి రెండేళ్ల ఓటమి పట్టింది. ఆయన పనికిరావని పక్కన పెట్టిన చారల దోమల జాతే ఈ రోజు మన డ్రమ్ముల్లో డెంగీ మోస్తోంది.

అప్పుడు రెండు సీసాలు బల్ల మీద పెట్టాను. ఒకదాంట్లో మోరీ నీళ్లు, ఇంకోదాంట్లో మా ఇంటి డాబా మీది మూత లేని తొట్టి నీళ్లు. నా ఇంట్లోవే. రెండింట్లోనూ పురుగులున్నాయి. చేతి భూతద్దాలు నాలుగు తెచ్చాను. చూసేవాళ్లు చూశారు. ఒకదాంట్లోవి, ఇంకోదాంట్లోవి ఒకే తీరున లేవని పిల్లలే కనిపెట్టారు. ఆ రోజు ఎవరూ కళ్లొత్తుకోలేదు. సగంలో లేచిపోయినవాళ్లు ఉన్నారు. చప్పట్లు కొద్దిగా మోగాయి. కథ మూడు చోట్ల తెగింది, రెండు చోట్ల నేను వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అయిపోయాక గంటన్నర దాకా హాలు ఖాళీ కాలేదు. ఒకాయన, సాంచాల షెడ్డులో వాన నీళ్లు నిలిచిన పాత డబ్బాలున్నాయని లెక్క చెప్పాడు. ఇంకొకావిడ, పగలు కుట్టే దోమ ఇదేనా, అయితే రాత్రి దోమతెర కట్టి ఏం లాభమని అడిగింది. నిజమైన ప్రశ్న. డెంగీ దోమ ఎక్కువగా పగటిపూటే కుడుతుంది. రాత్రి పాళీ చేసి పగలు పడుకునేవాళ్లకు తెర పగలే కావాలి. నాలుగేళ్లలో ఈ మాట నాకు తట్టలేదు.

మొన్న మళ్లీ అక్క ఇంటికి వెళ్లాను. డ్రమ్ము వాకిట్లో బోర్లించి ఉంది. పిల్లవాడు గొట్టంతో నీళ్లు పడుతున్నాడు, ఆమె కొబ్బరిపీచుతో రాకుతోంది.

“నీళ్లు పారబోస్తే సాలదంటివి గదా. గుడ్లు గోడకు అంటుకొని ఉంటయ్, నెలల కొద్ది ఎండినా చావయంటివి. గా సంగతి ఎవలు చూసిన్రు తమ్మీ? ఎట్ల తెలిసె?”

గడప మీద కూర్చున్నాను. గిన్నెలో సగం దాకా నీళ్లు పోసి, లోపలి గోడకు కాగితం పట్టీ అంటిస్తారని చెప్పాను. ఆడదోమ నీటి అంచుకు కాస్త పైన, ఆ తడి కాగితం మీద గుడ్లు పెడుతుంది. పట్టీ తీసి ఆరబెట్టి, గుడ్లు లెక్కపెట్టి, దాచిపెడతారు. నెలకొక పట్టీ తీసి నీళ్లలో వేస్తారు. ఎన్ని గుడ్లకు ఎన్ని పురుగులు లేచాయో లెక్కిస్తారు.

“అంటే నెలల తరబడి ఒక మనిషి గవాటినే చూసుకుంట కూసున్నడు.”

“కూర్చున్నాడక్కా.”

ఆమె పీచు ఆపి కాసేపు డ్రమ్ము లోపలికి చూసింది. తర్వాత కొడుకును వెలుతురు పట్టమని, నీళ్లు నిలిచే అంచు దగ్గర, ఇంతకుముందే రాకిన చోట, మళ్లీ రాకడం మొదలుపెట్టింది.